అరవై రూపాయల కూలితో నలుగురం సినిమాకు పోయేవాళ్లం

"ఆ రోజుల్లో తక్కువ సంపాదనతోనే సరదాలు ఎట్లా తీరేవి?" అని అడిగారు. నలుగురూ పోయి వచ్చినా సగం రోజు కూలి దాటేది కాదు, అందుకే తీరేవి.

మాది చంద్రగిరి. మా నాయిన బేల్దారి మేస్త్రీ. 1994లో రోజుకు 60 రూపాయలు. ఆదివారం సాయంత్రం బస్సెక్కి తిరుపతికి వచ్చి నేల టికెట్టు తీసుకునేవాళ్లం. టికెట్లకు 16, బస్సుకు 12, ఇంటర్వెల్లో చెనిక్కాయల పొట్లం రూపాయి. అమ్మ చేసిన నిప్పట్లు ఎట్లాగూ సంచిలో ఉండేవి.

పోయిన సంక్రాంతికి అమ్మానాయినల్నీ మా పాపనూ మల్టీప్లెక్సుకు తీసుకుపోయినా. టికెట్టు 177. అందులో 27 జీఎస్టీయే, వంద దాటితే 18 శాతం మరి. గేటు దగ్గర సంచి విప్పించి నిప్పట్లు లోపలికి తీసుకుపోకూడదన్నారు. ఎక్కడ పెట్టాలని అడిగితే చెత్తబుట్ట చూపించారు. మా అమ్మ ముందు రోజు రాత్రి పదకొండు దాకా కూర్చుని కాల్చిన నిప్పట్లు అవి! నాయిన ఏమీ అనలేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి, "మీరు పోయి చూడండి, నేను ఈడ కూర్చుంటా" అన్నాడు. ఎంత బతిమాలినా రాలేదు. సినిమా అయిపోయేదాకా కింద మెట్ల మీదే ఉన్నాడు. లోపల నా పక్క సీటు ఖాళీ. పాప అడిగిందని కొన్న పాప్‌కార్న్ 280. ఆటోతో కలిపి 1,200 దాటింది. ఈ రోజు మా ఊళ్లో మేస్త్రీ కూలి వెయ్యి.

బయటి తిండి ఆపే హక్కు హాలువాళ్లకుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది, మంచినీళ్లు మాత్రం ఊరికే ఇవ్వాలంది. హక్కుంటే ఉండనీ. ఇంటి తిండి ఆపినవాళ్లు పిరికెడు మొక్కజొన్న పేలాలను టికెట్టు కంటే ఎక్కువకు అమ్మడం ఏం న్యాయం?

ఇప్పుడు ఇంటింటికీ ఫ్రిజ్జు, చేతికో ఫోను ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వస్తువులు చవకైనాయి. ఇంటి బాడుగ, పిల్లల ఫీజు, నలుగురూ కలిసి గడిపే ఒక పూట, ఇవే అందకుండా పోయినాయి. ఫోను ఒక్కొక్కరూ ఒక్కో మూల కూర్చుని చూసుకునేది. అది సరదా అని నేను ఒప్పుకోను.

మొన్న కార్తీకంలో వానలు పడ్డాక అందరం కపిలతీర్థం పోయినాం. కొండ మీంచి నీళ్లు దూకుతా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బయట చెట్టు కింద కూర్చుని నాయిన అదే డబ్బా తీసి, పాపకు నిప్పట్టు విరిచి ఇచ్చినాడు.