ఆ ఒక్క తిట్టు ఉంచు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం మాత్రం నాలుగుసార్లు చదివాను. చివర్లో, చోటు లేక ఇరికించినట్టు రాసిన ఆ కొద్ది వాక్యాలు నన్ను వదల్లేదు. ఆఫీసు మీటింగులో నోరు జారావు. అదీ తెలుగులో కాదు, ఈరోజుల్లో అందరూ అనేసే ఒక ఇంగ్లీష్ తిట్టు. అప్పటినుంచి నువ్వు ఎంతో గౌరవించే సీనియర్ నీతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. "ఒక్క మాటకే మనిషిని అంచనా వేసేస్తారా అన్నా?" అని అడిగావు. కథ గురించేమో, "మా లారీ డ్రైవర్ అలాగే మాట్లాడతాడు, బూతులు తీసేస్తే అబద్ధం అయిపోదా?" అన్నావు.

నాకు ఈ రెండూ ఒకటే ప్రశ్నలా కనిపించాయి. అందుకే జవాబు కలిపి రాస్తున్నాను.

వేస్తారు తమ్ముడూ. ఒక్క మాటకే అంచనా వేస్తారు. ముందు నా సంగతి ఒకటి చెబుతాను.

నా మొదటి పుస్తకం అచ్చవుతున్నప్పుడు నాకు 27 ఏళ్లు. ఆ ప్రెస్సులో ప్రూఫులు చూసే పెద్దావిడ ఒకరు ఉండేవారు. అచ్చుతప్పులు దిద్దడంతో ఆగేవారు కాదు. "ఇదిగో బాబూ, ఈ వాక్యంలో నువ్వేం చెప్పాలనుకున్నావో నీకే తెలిసినట్టు లేదు" అని పెన్సిల్‌తో గీత పెట్టేవారు. నా రచన గురించి అప్పటిదాకా అంత నిజం మాట్లాడినవాళ్లు లేరు. ఒకరోజు వెళ్లేసరికి ఒక ఫారంలో, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేసే పేజీల్లో, పేజీలు తారుమారై అచ్చయిపోయాయి. మెషీన్ దగ్గర పనిచేసే కుర్రాడు ఎదురుగా ఉన్నాడు. పదిహేడేళ్లు ఉంటాయేమో. వాడి తల్లిని కలిపి తిట్టాను. వాడు తల వంచుకుని కింద పడిన కాగితాలు ఏరుకున్నాడు. పెద్దావిడ తలెత్తి చూసి, మళ్లీ ప్రూఫుల్లోకి వంగారు. ఒక్క మాట అనలేదు.

మర్నాడు వెళ్తే, "మీ ప్రూఫులు బల్ల మీద పెట్టాను, చూసుకోండి సార్" అన్నారు.

తెలుగువాడివి, ఆ "మీరు" ఎంత దూరమో నీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకం పూర్తయ్యేదాకా ఆవిడ మళ్లీ "నువ్వు" అనలేదు. అచ్చుతప్పులు ఎప్పటిలాగే శ్రద్ధగా దిద్దారు. నా వాక్యాల గురించి మాత్రం ఇంకెప్పుడూ ఏమీ చెప్పలేదు.

ఆవిడకి బూతు అంటే సహించదేమో అనుకుని చాలాకాలం సరిపెట్టుకున్నాను. అది నిజం కాదు. ఆ ప్రెస్సులో మెషీన్ మొరాయిస్తే దాన్ని తిట్టని మనిషి లేడు. ఆవిడ నవ్వుకునేవారు. ఒకసారి సొరుగులో వేలు పడి ఆవిడే గట్టిగా ఒకటి అన్నారు కూడా. నేను అన్న మాటలు ఆవిడ రోజూ వినేవే. కానీ నేను తిరిగి అనలేనివాడి మీద అన్నాను. ఆవిడ చూసింది అది.

తిట్టు గురించి జరిగిన పరిశోధనలు తర్వాత కొన్ని వెతికి చదివాను. వాటిలో ఒకటి నాకు చాలా పనికొచ్చింది, నీకూ వస్తుంది. 2005లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు, "మాటల మధ్యలో తిట్లు వాడేవాడు నిజం చెబుతున్నట్టా, అబద్ధమా?" అని నేరుగా అడిగితే, నమ్మలేం అనే వైపే ఎక్కువమంది మొగ్గారు. కానీ అవే రకం తిట్లు కలిపిన వాంగ్మూలాన్ని, తిట్లు లేని వాంగ్మూలాన్ని ఇచ్చి చదవమంటే తిట్లు ఉన్నదే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపించింది. మనం మన గురించి చెప్పుకునే నియమం ఒకటి, ఎదుటి మనిషి గొంతు వినగానే లోపల జరిగేది ఇంకొకటి. కథ పనిచేసేది ఈ రెండో చోట. "బూతులుంటే నేను చదవను" అనే పాఠకుడే, చేయని తప్పు తన మీద పడ్డ మనిషి కడుపు మండి ఒక మాట అంటే ఆ మనిషిని నమ్ముతాడు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. ఒక ప్రసంగంలో మొదట్లోనో చివర్లోనో ఒకే ఒక్క తేలికపాటి తిట్టు పెడితే విన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువగా ఒప్పుకున్నారు, మాట్లాడేవాడికి ఆ విషయం మీద గట్టి పట్టింపు ఉందనుకున్నారు. ఒకే ఒక్కటి అని గుర్తుపెట్టుకో. నీ కథలో 22 పేజీలకి 41 ఉన్నాయి, లెక్కపెట్టాను.

మాటలు రానివాడే తిడతాడు అనే అభిప్రాయం ఒకటి ఉంది. నీ సీనియర్‌కి కూడా ఉండొచ్చు. అది తప్పు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక్క నిమిషంలో ఎన్ని తిట్లు చెప్పగలరో, ఒక అక్షరంతో మొదలయ్యే మామూలు మాటలు ఎన్ని చెప్పగలరో విడివిడిగా చూశారు. తిట్లు ఎక్కువ వచ్చినవాళ్లకి మామూలు మాటలూ ఎక్కువే వచ్చాయి. అయినా లోకం ఆ తప్పుడు అభిప్రాయంతోనే తీర్పులు చెబుతుంది. రచయితగా నువ్వు కూడా ఆ తీర్పులో పాలు పంచుకుంటున్నావు. నీ కథ మళ్లీ తెరిచి చూడు. డ్రైవర్ తిడతాడు, క్లీనర్ తిడతాడు, హమాలీలు తిడతారు. లారీ యజమాని నోట, ఆయన గుమస్తా నోట ఒక్కటంటే ఒక్క తిట్టు లేదు. చదువుకున్నవాళ్లు తిట్టరా? నువ్వు మీటింగులో తిట్టలేదా? లేనివాడికి బూతులిచ్చి, ఉన్నవాడికి శుభ్రమైన భాష ఇవ్వడం నిజం రాయడం కాదు తమ్ముడూ. అది నీకు తెలియకుండానే నీలోంచి జారిన అంచనా.

నీ కథలో అన్నిటికంటే క్రూరమైన మాట యజమానిదే. క్లీనర్ కుర్రాడికి దెబ్బ తగిలిందని ఫోన్ వస్తే, "బండికేం కాలేదు కదా?" అంటాడు. అందులో ఒక్క చెడ్డ మాట లేదు. నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. ఆ వాక్యం రాయగలిగినవాడికి 41 తిట్ల అవసరం లేదు.

ఇంకో సంగతి. ఒకే మాట అందరి నోటా ఒకేలా వినపడదు. పైవాడు తిడితే "కోపిష్టి, మనసు వెన్న" అంటారు. కిందివాడు తిడితే "సంస్కారం లేదు" అంటారు. మగవాడు అంటే మాట తీరు అవుతుంది, ఆడమనిషి అంటే ఆమె పెంపకం దాకా వెళ్తారు. ఇది అన్యాయమే. కానీ పాత్ర నోట్లో మాట పెట్టేటప్పుడు పాఠకుడు ఆ తూకంతోనే తూస్తాడని నీకు తెలిసి ఉండాలి. ఆ తూకం మీద తిరగబడాలనుకుంటే తెలిసే తిరగబడు.

ఆ మనిషి రోజూ ఎలా మాట్లాడతాడన్నది కూడా చూస్తారు. 1848లో అమెరికాలో రైలు మార్గం పనిలో ఉన్న ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి పేలుడులో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయింది. మనిషి బతికాడు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో అతను ఎలా మారిపోయాడో రాస్తూ, ఒక్కోసారి పచ్చి బూతులు మాట్లాడతాడని, అంతకుముందు అతనికి ఆ అలవాటు లేదని చెప్పాడు. ఇతను ఇక ఆ పాత గేజ్ కాడని స్నేహితులు అన్నారు. అతని గాయం వేరు, నీ సంగతి వేరు, తెలుసు. కానీ నీ సీనియర్‌కి నువ్వు రెండేళ్లుగా మెత్తగా మాట్లాడే కుర్రాడివి. అలాంటి నోటినుంచి వచ్చింది కాబట్టే ఆ మాట అంత గట్టిగా వినపడింది.

ఇంగ్లీష్ తిట్టు కదా, అంత పెద్దదేం కాదనుకున్నానన్నావు. నీకు పెద్దది కాదు. తర్వాత నేర్చుకున్న భాషలో తిట్టు ఒంటికి అంతగా తగలదు. టర్కీ భాషలో పెరిగి తర్వాత ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్ల మీద 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, అలాంటి మాటలకి వాళ్ల చర్మం మీద వచ్చే స్పందనను కొలిస్తే, చిన్నప్పటి భాషలో విన్నప్పుడే ఎక్కువగా కనిపించింది. నాలుక మీద తేలిగ్గా ఉంది కదా అని ఎదుటివాడి చెవిలోనూ తేలిగ్గానే పడుతుందనుకోకు. తెలుగులో అయితే ఆ మాట నీ నోటిదాకా వచ్చేదా? రాదు. అంటే అది ఏ మాటో నీకు లోపల తెలుసు.

తెలుగు తిట్ల దగ్గర నిన్ను ఇంకాస్త ఆపుతాను, ఇది నాకు చాలా ముఖ్యం. మన తిట్లలో చాలావాటి దెబ్బ ఎదుట నిలబడ్డవాడికి తగలదు. వాడి తల్లికి తగులుతుంది, అక్కచెల్లెళ్లకి తగులుతుంది, ఏ పాపమూ తెలియని ఒక కులానికి తగులుతుంది. నీ డ్రైవర్ క్లీనర్ కుర్రాణ్ణి మాటిమాటికీ "వెధవా" అంటాడు. ముద్దుగానే అంటాడు, మనందరం అంటాం. ఆ మాట "విధవ" లోంచి వచ్చింది. "ముండ" అన్నా అంతే, భర్త పోతే తల గొరిగించుకుని బతకాల్సి వచ్చిన ఆడమనిషి. భర్త పోవడమే నేరమై, ఆ స్త్రీ పేరే తిట్టయింది. ఇప్పుడు అనేవాళ్లెవరూ ఆ అర్థంతో అనరు, నిజమే. కానీ నీ కథలో డ్రైవర్ తల్లి భర్త పోయిన మనిషి. ఆమె అన్నం వడ్డిస్తుండగానే కొడుకు ఆ మాట అంటాడు. నువ్వు తెలిసి రాశావా, తెలియక రాశావా? తెలిసి రాసి ఉంటే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. తెలియక రాసి ఉంటే అక్కడ ఆ మాట ఉండకూడదు.

మాట విన్నప్పటికంటే అచ్చులో చూసినప్పుడు బరువెక్కుతుంది. నోటి మాటకి నవ్వు తోడుంటుంది, భుజం మీద చెయ్యి తోడుంటుంది. కాగితం మీద అవేవీ ఉండవు. అలాగని ప్రతి పేజీలో పెడుతూ పోతే మొద్దుబారిపోతుంది కూడా. ఇంగ్లండ్‌లో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు మంచులాంటి నీళ్లలో చెయ్యి పెట్టించి చూశారు. తిడుతూ ఉన్నవాళ్లు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఇది 2009లో. 2011లో మళ్లీ చేస్తే, రోజూ ఎక్కువగా తిట్టేవాళ్లకి ఆ ఓర్పు అంతగా పెరగలేదని తేలింది. నీ కథలో ఆరో పేజీ దాటాక నాకూ తిట్లు వినపడటం మానేశాయి. అప్పటికే అయిపోగొట్టావు.

ఇక మీటింగు సంగతి. నీ ఉత్తరంలో సీనియర్ మొహం ఎలా మారిందో ఉంది. మర్నాడు ఎలా పలకరించారో ఉంది. నీకెంత టెన్షన్‌గా ఉందో ఉంది. ఆ తిట్టు ఎవరి మీద అన్నావో లేదు. నాలుగుసార్లు చదివింది దానికోసమే. లేదు.

నేనూ అదే చేశాను. వారం తర్వాత ఆ పెద్దావిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ "ఫర్లేదు సార్" అన్నారు. మెషీన్ దగ్గరున్న కుర్రాడికి చెప్పలేదు. నాకు కావలసింది ఆవిడ దగ్గర పోయిన మంచిపేరు, అంతే. వాడికి ఏమనిపించి ఉంటుందో నేను అసలు అనుకోనే లేదు. ఆవిడకి అది అర్థమై ఉంటుంది. నేను తేరుకునేసరికి ఆ కుర్రాడు పని మానేశాడు. ఎక్కడికి వెళ్లాడో ఎవరూ చెప్పలేకపోయారు.

నువ్వు ఆ మాట ఎవరి మీద అన్నావో ఆ మనిషి ఇంకా అదే ఆఫీసులో ఉన్నారు కదా. రేపే వెళ్లు. పని ఒత్తిడి అని, ఆరోజు మూడ్ బాగాలేదని చెప్పకు. "అలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాది" అని ఆగు. వాళ్లు ఏమైనా అంటే విను. సీనియర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లకు. ఆయన అభిప్రాయం మారితే మారుతుంది, లేకపోతే లేదు. అది నీ చేతిలో లేదు.

కథలో యజమానికి, గుమస్తాకి ఎలా మాట్లాడాలో మళ్లీ ఆలోచించు. అన్నం దగ్గర సీను తిరగరాయి. హమాలీల తిట్లలో సగం ఊరికే సందడి కోసం పెట్టినవి, తీసేయి. ఆడమనుషులకీ కులాలకీ తగిలేవి ఒక్కొక్కటీ ఆగి చూడు, ఆ పాత్ర ఎంత చెడ్డవాడో చెప్పడానికి కావాలనుకుంటేనే ఉంచు.

14వ పేజీ మాత్రం ముట్టుకోకు. క్లీనర్ కుర్రాడు పోయాడని ఆస్పత్రిలో చెప్పాక, డ్రైవర్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న లారీ టైరును చూస్తూ ఒక మాట అంటాడు. ఎవర్నీ అనడు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు ఒక రోగి గురించి రాశాడు. అతనికి మాటలన్నీ పోయి "టాన్" అన్న ఒక్క శబ్దమే మిగిలింది. సైగలతో చెప్పింది ఎదుటివాళ్లకి అర్థం కాక కోపం వస్తే మాత్రం, దేవుడి పేరుతో ఒక తిట్టు బయటికొచ్చేది. నీ డ్రైవర్ ఆ మెట్ల మీద అలా ఉన్నాడు. అతని దగ్గర ఇంకో మాట లేదు. దాన్ని తీసేయమని ఎవరు చెప్పినా వినకు.

తిరగరాసి పంపు. రేపు ఏమైందో కూడా రాయి.

మీ అన్నయ్య