మీటరులో 12 వోల్టులు ఉన్నా రివర్స్ లైట్లు ఎందుకు వెలగవు?

మీ పాత డీజిల్ కారులో రివర్స్ లైట్లు రెండూ ఒకేసారి ఆగిపోయాయని, కొత్త బల్బులు వేసినా, ఫ్యూజు బాగానే ఉన్నా వెలగడం లేదని, బల్బు తీసి హోల్డరులో మీటరు పెడితే మాత్రం 12 వోల్టులు కనిపిస్తున్నాయని రాశారు. ఇక గేర్‌బాక్సు మీది స్విచ్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. సరిగ్గా ఇదే వరుసలో నేనూ వెళ్లి, బాగున్న స్విచ్‌ను తీసి కొత్తది వేశాను. ఆ తరువాత చాలా రోజులకు గాని అసలు లోపం దొరకలేదు.

ఈ లైట్లకు కరెంటు వెళ్లే దారి చాలా చిన్నది. తాళం తిప్పినప్పుడు ఫ్యూజు గుండా వచ్చిన కరెంటు గేర్‌బాక్సు మీద బిగించిన స్విచ్‌కు చేరుతుంది, అక్కడి నుంచి ఒకే వైరుగా కారు పొడవునా వెనక్కి వెళ్లి, చివర్లో రెండుగా చీలి, బల్బుల్లోంచి బాడీకి ఎర్త్ అవుతుంది. స్విచ్‌లో కూడా పెద్ద యంత్రాంగమేమీ లేదు. రివర్స్ గేరు పడగానే గేర్‌బాక్సు లోపలి కడ్డీ వచ్చి స్విచ్ కొననున్న చిన్న గుండును నొక్కుతుంది, రెండు పిన్నులూ కలుస్తాయి. రెండు లైట్లూ ఒకేసారి పోయాయి కాబట్టి లోపం దాదాపుగా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలోనే ఉంటుంది, అంటే వైరు చీలక ముందు ఎక్కడో, లేదా రెండూ ఒకే చోట ఎర్త్ అయ్యే కారయితే ఆ ఎర్త్ దగ్గర. ఆటోమేటిక్ గేర్ల కారులో స్విచ్ మరో రకంగా ఉంటుంది. మీది చేత్తో గేర్లు వేసే కారే అనుకుని రాస్తున్నాను.

ఇక మీటరు సంగతి. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు 10 మెగా ఓములు ఉంటుంది, కాబట్టి కొలిచేటప్పుడు అది వైరులోంచి లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, ఆ ఒక్కటీ చిలుము పట్టి వేల ఓముల నిరోధంగా మారినా, మీటరు నిండుగా 12 వోల్టులే చూపిస్తుంది. బల్బు అలా కాదు. ఈ లైట్లలో సాధారణంగా వాడే పి21డబ్ల్యూ రకం బల్బు 21 వాట్లది. 12 వోల్టుల దగ్గర ఒక్కొక్క దానికి 1.75 ఆంపియర్లు, రెండింటికీ కలిపి 3.5 ఆంపియర్లు కావాలి. చిలుము పట్టిన పోగు అంత కరెంటు ఇవ్వలేదు. బల్బు పెట్టిన మరుక్షణం వోల్టేజీ అంతా ఆ పాడైన చోటే పడిపోతుంది, తీయగానే మళ్లీ 12 కనిపిస్తుంది. స్విచ్ లోపలి కాంటాక్టులు కాలిపోయినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది గనుక, మీ కొలతను బట్టి స్విచ్ మంచిదనీ చెప్పలేము, చెడిపోయిందనీ చెప్పలేము.

నా కారు వెనుక తలుపు పైకి లేచే రకం, రివర్స్ లైట్లు ఆ తలుపులోనే ఉన్నాయి. స్విచ్ మార్చిన రోజు సాయంత్రం లైట్లు వెలిగాయి, పని పూర్తయిందనుకున్నాను. మూడో రోజు రాత్రి కారు వెనక్కి తీస్తుంటే మళ్లీ చీకటే. మర్నాడు వెనుక తలుపు తెరిచి చూస్తే చక్కగా వెలుగుతున్నాయి. నేను పరీక్షించినప్పుడల్లా తలుపు తెరిచి ఉంటోందని, నడిపేటప్పుడు మూసి ఉంటోందని తట్టడానికి నాకు ఇంకో వారం పట్టింది. అప్పుడు రివర్స్ గేరు వేసి, తాళం తిప్పి ఉంచి, వెనక్కి వెళ్లి తలుపును మెల్లగా కిందికి దించుతూ చూశాను. సగానికి వచ్చేసరికి లైట్లు రెండూ మిణుకుమని ఆరిపోయాయి. బాడీకీ తలుపుకీ మధ్య వైర్లు వెళ్లే ముడతల రబ్బరు గొట్టాన్ని ఒక వైపు ఊడదీసి వెనక్కి జరిపాను. పైకి చూస్తే వైర్లన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కొక్క దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే మిగిలినవన్నీ బిర్రుగా నిలిచాయి, రివర్స్ లైట్ల వైరు మాత్రం రబ్బరులా సాగింది. లోపల రాగి తెగిన చోట తొడుగు ఒక్కటే మిగులుతుంది, అది సాగుతుంది. బ్లేడుతో తొడుగు చీలిస్తే పచ్చని పొడి రాలింది. పోగులన్నీ విరిగి, కొనలు నల్లబడి, ఒకటో రెండో మాత్రం ఆనీ ఆననట్టు ఉన్నాయి. కొత్త స్విచ్ వేసిన సాయంత్రం లైట్లు వెలిగింది ఆ కాస్త ఆనుడు వల్లనే. తలుపును సగంలో ఆపి ఆ వైరు చివర కొలిస్తే, బల్బులు తీసినప్పుడు 12 వోల్టులు, బల్బులు పెట్టినప్పుడు అర వోల్టు కూడా లేదు.

మీరు పని మొదలుపెట్టే ముందు, డీజిల్ కారు కాబట్టి రెండు జాగ్రత్తలు చెప్పాలి. తాళం తిప్పి, కారును రివర్స్ గేరులో ఉంచి చేసే పరీక్షలివి. యాంత్రిక పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్లలో తాళం తిప్పగానే పంపు మీది సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే కవాటం, డీజిలుకు దారి తెరుస్తుంది. ఆ స్థితిలో కారు గేరులో ఉండగా వాలుకు కదిలినా, ఎవరైనా తోసినా, స్టార్టరుతో పని లేకుండానే ఇంజను అందుకోగలదు. మీ చేతులు బానెట్ కిందో, మీరు కారు వెనుకో ఉండగా అలా జరగకూడదు. చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, ఇంజను స్టార్ట్ చేయకుండా మాత్రమే పరీక్షించండి. రెండోది గ్లో ప్లగ్గుల విషయం, అంటే చల్లని డీజిల్ ఇంజను అందుకునేలా లోపల వేడి పుట్టించే ప్లగ్గులు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పితే అవి వేడెక్కడానికి ఒక్కొక్కటి 10 ఆంపియర్లకు పైగా లాగవచ్చు, దానితో బ్యాటరీ వోల్టేజీ కాసేపు దిగుతుంది. ఆ సమయంలో తీసిన కొలతలు తికమక పెడతాయి కాబట్టి కాసేపు ఆగి కొలవండి. తాళాన్ని పదేపదే తిప్పి బ్యాటరీని నీరసపరచకండి.

పరీక్షకు కావలసినది ఒక 21 వాట్ల బల్బు, దానికి హోల్డరు, కొనలకు క్లిప్పులున్న రెండు పొడవాటి వైర్లు. పాత కారు వైరింగు పనికి దీన్ని మించిన సాధనం లేదని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే అసలు బల్బు ఎంత కరెంటు అడుగుతుందో ఇదీ అంతే అడుగుతుంది. వెనుక నుంచి గాని ముందు నుంచి గాని కాకుండా దారి మధ్యలో, అంటే స్విచ్ దగ్గర మొదలుపెట్టండి. కనెక్టరు ఊడదీసి, వైర్ల వైపున్న రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలపండి. అయితే స్పీడు సెన్సారు కనెక్టరు కూడా గేర్‌బాక్సు మీదే ఉండవచ్చు, కాబట్టి అది రివర్స్ స్విచ్‌దేనని రూఢి చేసుకున్నాకే కలపండి. అప్పుడు వెనుక లైట్లు నిండుగా వెలిగితే వైరింగు అంతా బాగున్నట్టే, లోపం స్విచ్‌లో లేదా దాన్ని నొక్కే భాగంలో ఉంది. వెలగకపోతే స్విచ్‌ను ముట్టుకోనక్కరలేదు. టెస్ట్ బల్బు ఒక కొనను గీకి శుభ్రం చేసిన లోహానికి తగిలించి, రెండో కొనను ఆ పిన్నులకు ఒక్కొక్కదానికీ తాకించండి. ఒక పిన్ను దగ్గర నిండుగా వెలిగితే ముందు సగం బాగుంది, లోపం వెనుక సగంలో ఉంది. రెండింటి దగ్గరా వెలగకపోతే ఫ్యూజు పట్టే క్లిప్పులు వదులయ్యాయేమో, అక్కడ కాలిన గుర్తులేమైనా ఉన్నాయేమో చూడాలి. ఫ్యూజు తీగ తెగలేదు గదా అని ఆ చోటును వదిలేయడం పొరపాటు.

లోపం స్విచ్ వైపు తేలినా, ముందు గేరు రాడ్డును రివర్స్‌లో ఉంచి ఇంకాస్త అదిమి పట్టి చూడండి. అప్పుడు మాత్రమే లైట్లు వెలిగితే గేరు రాడ్డును గేర్‌బాక్సుకు కలిపే లింకేజీ కీళ్లలోని బుష్షులు అరిగి ఉండవచ్చు, లేదా స్విచ్ గుండు అరిగి ఉండవచ్చు. కనెక్టరులో గేర్ ఆయిల్ ఊరి ఉంటే ఆ స్విచ్ లోపలి సీలు పోయినట్టే, అప్పుడు మార్చక తప్పదు. పై నుంచి డీజిల్ కారి తడిసిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆ కారుతున్న గొట్టాన్ని ముందు చూడాలి. స్విచ్ విప్పేటప్పుడు కొంత ఆయిల్ రావచ్చు, కింద పళ్లెం పెట్టుకోండి. దాని వాషరును తేలికగా తీసుకోవద్దు. ఉండవలసిన దాని కంటే మందమైనది వేస్తే గుండు కడ్డీకి అందక లైట్లు వెలగవు, మరీ పలచనిది వేస్తే వేరే గేర్లలో కూడా వెలుగుతూనే ఉండవచ్చు.

మీ 12 వోల్టుల కొలతను బట్టి నాకు వెనుక సగం మీదే ఎక్కువ అనుమానం. హోల్డరులో కరెంటు వచ్చే కాంటాక్టుకు టెస్ట్ బల్బు ఒక కొన తగిలించి, రెండో కొనను బాడీ లోహానికి తాకించండి. వెలిగితే వైరు మంచిదే, హోల్డరు నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ చెడింది. ఆ నట్టు విప్పి, రింగునూ కింది లోహాన్నీ మెరిసేదాకా గీకి బిగిస్తే చాలు. వెలగకపోతే ముందు నుంచి వచ్చే వైరులోనే లోపం. లైట్లు మసకగా వెలిగే వారికి కూడా ఈ పరీక్ష పనికి వస్తుంది: ఫిలమెంటు బల్బుకు 12కు బదులు 10.5 వోల్టులే అందితే వెలుగు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది.

వెనుక తలుపులో లైట్లుంటే రబ్బరు గొట్టం మొదట చూడండి. అతుకు వేయవలసి వస్తే గొట్టం లోపల, వైరు వంగే చోట వేయకండి. టంకం పెట్టిన చోట వైరు బిగుసుకుపోయి, దాని పక్కనే మళ్లీ విరుగుతుంది. సన్నని పోగులు ఎక్కువగా ఉండి మెత్తగా వంగే కొత్త వైరు ముక్కను గొట్టం మొత్తం దూరేలా వేసి, అతుకులు రెండూ గొట్టానికి బయట, ఒకటి బాడీలో, ఒకటి తలుపులో పడేలా చూసుకోండి. పక్క వైర్లు కూడా అన్నేళ్లూ అలాగే వంగాయి కాబట్టి వాటినీ లాగి చూడండి.

కారుకు తరువాత ఎవరైనా రివర్స్ కెమెరా గాని బజరు గాని పెట్టించి ఉంటే, దాని కోసం అసలు వైరు మీద నొక్కి బిగించిన ప్లాస్టిక్ క్లిప్పు ఉందేమో వెతకండి. ఆ క్లిప్పు లోపలి పలక తొడుగును కోసి రాగిని తాకుతుంది. ఆ కోతలోంచి తేమ చేరి, కొన్నేళ్లకు వైరు అక్కడే తెగుతుంది. ఈలోగా ఎల్ఈడీ బల్బులు వేసి చూద్దామన్న ఆలోచన వద్దు. తక్కువ కరెంటుతో వెలుగుతాయి కాబట్టి లోపం కొన్నాళ్లు దాగుతుంది, వైరు మాత్రం తెగుతూనే ఉంటుంది.

స్విచ్ దగ్గర రెండు పిన్నులూ కలిపినప్పుడు లైట్లు వెలిగాయా లేదా, వెనుక టెస్ట్ బల్బును బాడీకి తాకించినప్పుడు వెలిగిందా లేదా, ఈ రెండూ చూసి ఇక్కడే రాయండి. లైట్లు వెనుక తలుపులో ఉన్నాయా, బాడీలో ఉన్నాయా అన్నది కూడా చెబితే, తరువాత ఏ వైరు వెంట వెళ్లాలో రాస్తాను.