మందు మండితేనే పుండు మానుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాపుకు 58 ఏళ్లు. కొడవలి తగిలి పిక్క మీద తెగి మూడు వారాలైంది. యాంటిసెప్టిక్ లిక్విడ్‌ను నీళ్లు కలపకుండా రెండు పూటలా పోస్తున్నాడు. ‘మండితేనే పనిచేస్తది, తోలు అలవాటు పడుతది’ అంటాడు. పుండు మానలేదు, చుట్టూ నల్లబడి పొట్టు లేస్తోంది.

జవాబు: ముందు ఆ సీసా పక్కన పెట్టించండి. మంట అంటే క్రిములు చస్తున్న గుర్తు కాదు, అక్కడి నరాల కొసలకు దెబ్బ తగులుతోందని. క్రిమి పొరను చీల్చే మందుకు ఇది క్రిమి, ఇది మన కణం అని తేడా తెలియదు కదా. పుండు అంచుల నుంచి పాకుతూ వచ్చే కొత్త చర్మకణాలు, అడుగున కండ నింపే కణాలు నారుమడిలో లేత మొలకల్లాంటివి, పొద్దున మొలిచినవాటిని సాయంత్రం మాడ్చేస్తుంటే మూడు నెలలైనా ఆ మడి నిండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు చూసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ (తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన డాక్టర్) అప్పుడే చెప్పాడు, లోతు గాయాల్లో ఈ మందులు క్రిముల కన్నా వాటితో పోరాడే తెల్ల రక్తకణాలనే ఎక్కువగా చంపుతున్నాయని.

ఇక అలవాటు సంగతి. నాలుక కారానికి అలవాటు పడినట్టు చర్మం ఈ మందులకు పడుతుందని నమ్ముకోవద్దు. పైపొర కణాల మధ్య ఉండే కొవ్వు ఒంట్లో తడిని ఆపుతుంది, ఘాటు మందు దాన్ని కడిగేస్తుంది. ఆ పొర పూర్తిగా కొత్తది రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, మీ బాపు దానికి ఒక్కరోజు కూడా తెరిపి ఇవ్వడం లేదు! పొట్టు, నలుపు చాలావరకు అందువల్లే అయ్యుంటాయి. కొందరికి అలర్జీ కూడా మొదలవుతుంది, అప్పుడు నాలుగు చుక్కలు తగిలినా దురద, పొక్కులు.

కాచి చల్లార్చిన నీళ్లు ధారగా పోసి కడగండి. సబ్బు చుట్టుపక్కలకే, పుండులోకి వద్దు. పలుచగా వ్యాజిలిన్ రాసి, శుభ్రమైన గాజ్ (పలుచటి కట్టుగుడ్డ) కట్టి రోజూ మార్చండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, సున్నం ఏవీ వద్దు.

నాకు అసలు టెన్షన్ షుగర్ గురించి. ఈ వయసులో మూడు వారాలైనా మానని పుండంటే ఒక్క మందు మీదే తప్పు వేసి ఊరుకోలేం. రేపే దవాఖానకు తీసుకెళ్లి షుగర్ చూపించండి, ధనుర్వాతం సూది వేసుకుని ఐదేళ్లు దాటితే అదీ అడగండి. చీము, వాసన, జ్వరం, ఎరుపు పైకి పాకడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా కూడా ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఆ సీసా వెంట పట్టుకెళ్లండి, ఏం పోశారో అక్కడి డాక్టర్‌కు తెలియాలి, ఆయన నోటితో చెబితే బాపు కూడా వింటాడు.