సీడీ5 పాజిటివ్ వచ్చినా బీ సెల్ లింఫోమా ఎలా అవుతుంది?

మీ నాన్నగారి మెడ గ్రంథి బయాప్సీలో సీడీ20, సీడీ5, సైక్లిన్ డీ1 పాజిటివ్, సీడీ3, సీడీ23 నెగటివ్ అని వచ్చింది, సీడీ5 టీ కణాల గుర్తు కదా, మరి బీ సెల్ లింఫోమా (బీ కణాలనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) అని ఎలా రాశారు అని అడిగారు. ఈ పేర్లన్నీ కణాల రకాన్ని గుర్తుపట్టడానికి చూసే ప్రొటీన్లవి. ల్యాబ్ తప్పు కాదండీ, ఆ టెన్షన్ వదిలేయండి.

బీ కణాల గుర్తు సీడీ20 ఉండి, టీ కణాల గుర్తు సీడీ3 లేదు కాబట్టి అవి బీ కణాలే. సీడీ5 మామూలుగా టీ కణాల మీద ఉండే మాట నిజమే గానీ, బీ సెల్ లింఫోమాల్లో సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా), మాంటిల్ సెల్ లింఫోమా ఈ రెండింటిలో అది తరచూ కనిపిస్తుంది. మామూలు రంగు వేసిన స్లైడులో రెండూ చిన్న కణాలే, చూపుతో విడదీయడం కష్టం, అందుకే ఒక్కో ప్రొటీన్‌కి అంటుకునే యాంటీబాడీ వేసి గోధుమరంగు వస్తుందా లేదా చూస్తారు. సీఎల్ఎల్‌లో సాధారణంగా సీడీ23 పాజిటివ్, సైక్లిన్ డీ1 నెగటివ్. ఇక్కడ సరిగ్గా తిరగబడింది, అంటే మాంటిల్ సెల్ వైపే చూపిస్తోంది. 11, 14 క్రోమోజోముల ముక్కలు చోట్లు మారడం వల్ల సైక్లిన్ డీ1 అతిగా తయారవుతుంది, ఆ మార్పుని ఫిష్ పరీక్షతో (క్రోమోజోముల మార్పుల్ని మెరిసే రంగులతో చూసే పరీక్ష) ఖాయం చేసుకోవచ్చు.

రిపోర్టులో ఉన్న కేఐ-67 20 శాతం అంటే స్టేజీ కాదు, విభజన చెందే పనిలో ఉన్న కణాల వాటా. మాంటిల్ సెల్‌లో 30 శాతం దాటితే జబ్బు దూకుడు ఎక్కువని లెక్క.

పీ53 (కణాల పెరుగుదలని అదుపులో ఉంచే ప్రొటీన్) కూడా చూశారా అని డాక్టర్‌గారిని తప్పకుండా అడగండి, చికిత్స ఎంపికలో అది చాలా ముఖ్యం. రెండో అభిప్రాయానికి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్లైడులూ పారఫిన్ బ్లాకూ (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క) అడిగి తీసుకెళ్లండి.