టెక్ సందేహాలు: వర్డ్‌స్టార్‌లో ఖాళీగా పడి ఉన్న నాలుగు అరలు

ప్రశ్న: దాబాగార్డెన్స్‌లో నాన్నగారి అకౌంట్స్ ఆఫీసు ఉంది. విండోస్‌కి ముందటి పాత డాస్ మెషీన్‌లో వర్డ్‌స్టార్ 3.3 అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్, దానికి తొమ్మిది పిన్నుల ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ఎంత చెప్పినా ఆయన మార్చనంటున్నారు. స్టేట్‌మెంట్లు వెడల్పుగా ఉండి లైనుకి 80 అక్షరాల్లో పట్టడం లేదు. సన్న అక్షరాలతో ప్రింట్ తీయొచ్చా? ₹ గుర్తు కూడా వస్తుందా?

జవాబు: సన్న అక్షరాలు వస్తాయి. ₹ సంగతి తర్వాత చెప్తాను. నాన్నగారిని మార్చమని మాత్రం నేను అడగను, పని జరుగుతున్నప్పుడు ఎందుకండీ.

బోల్డ్‌కి కంట్రోల్ పి నొక్కి బి, అండర్‌లైన్‌కి కంట్రోల్ పి నొక్కి ఎస్, ఇవి నాన్నగారికి కంఠతా వచ్చే ఉంటాయి. సన్న అక్షరాలకి, ఇటాలిక్‌కి 3.3లో అలాంటి రెడీమేడ్ కీ లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ ప్రింటర్‌ది ఒక్కో భాష, మీ ఇంట్లో ఏది ఉందో వర్డ్‌స్టార్‌కి తెలిసే దారి లేదు. అందుకే కంట్రోల్ పి తర్వాత నొక్కే క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్ అనే నాలుగు కీలకి నాలుగు అరలు ఖాళీగా వదిలేశారు. ప్రింటర్ మాన్యువల్ తీసి, ఆ పనికి ప్రింటర్‌కి పంపాల్సిన కోడ్ చూసి, అందులో మనమే పెట్టుకోవాలి.

పెట్టేది ఇన్‌స్టాల్ ప్రోగ్రాంలో, యుఎస్ఆర్1 నుంచి యుఎస్ఆర్4 వరకు ఉండే చోట్లలో. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: అరలో మొదటి బైట్ (ఒక అక్షరం పట్టేంత చోటు) కోడ్ కాదు, కోడ్‌లో ఎన్ని బైట్లున్నాయో చెప్పే లెక్క. ఎప్సన్‌లో సన్న అక్షరాలకి కోడ్ హెక్స్‌లో (పదహారు అంకెల లెక్క, 9 తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు; కింది కోడ్‌లన్నీ ఇందులోనే) 0ఎఫ్, ఒక్కటే బైట్, కాబట్టి మొదటి అరలో 01, 0ఎఫ్. మళ్లీ మామూలుకి రావడానికి 12, అంటే రెండో అరలో 01, 12. ఇటాలిక్ కోడ్ అయితే ఎస్కేప్ అనే బైట్‌తో (1బి) మొదలవుతుంది గనక రెండు బైట్లు: మూడో అరలో 02, 1బి, 34, ఆపడానికి నాలుగో అరలో 02, 1బి, 35. అరలు నిండిపోయాయి. మార్చే ముందు వర్డ్‌స్టార్ ఫ్లాపీకి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి.

బోల్డ్ లాగా అదే కీ రెండోసారి నొక్కితే ఆగిపోదు, దానికి వేరే కీ ఉంది కదా, అది మర్చిపోకండి. ద్వారకానగర్‌లో ఒక టైపింగ్ సెంటర్‌లో పని చేసే రోజుల్లో ఒకాయన కోర్టు కాగితాల్లో ఒక్క టేబుల్ కోసం క్యూ పెట్టి, డబ్ల్యూ పెట్టడం మర్చిపోయాను. మిగతా పేజీలన్నీ చీమల బారులా వచ్చాయి, పైగా రిబ్బన్ కూడా పాతది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

సన్న అక్షరాల్లో ఎనిమిది అంగుళాల లైనులో దాదాపు 137 అక్షరాలు పడతాయి. కుడి మార్జిన్‌ని కంట్రోల్ ఓ, ఆర్‌తో 130కి జరపండి, లేకపోతే వర్డ్‌స్టార్ పాత లెక్కలోనే లైను విరిచేస్తుంది.

ఇక ₹. ఈ గుర్తుని మన ప్రభుత్వం ఖాయం చేసింది 2010 జులై 15న, వర్డ్‌స్టార్ 3.3 వచ్చింది 1983లో, ఆ ప్రింటర్‌కి ఇది ఎలా తెలుస్తుంది? చాలా ఎప్సన్‌లలో సొంత అక్షరం గీసి పంపే సౌకర్యం ఉంది, నిలువు వరుసకి ఎనిమిది చుక్కలు, పై చుక్కకి 128, దాని కింద 64, అలా చివరికి 1, ఏవి కొట్టాలో వాటిని కూడి ఒక్కో వరుసకి ఒక్కో అంకె పంపాలి. కానీ అడ్డంగా పక్కపక్కన రెండు చుక్కలు కొట్టనివ్వదు, ₹లో రెండు అడ్డగీతలున్నాయి, వాటిలో చుక్కలు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. పైగా ప్రింటర్ ఆపేస్తే గీసినదంతా పోతుంది. నేనైతే ఆర్ఎస్ అని కొట్టేసి ఊరుకుంటాను.

ప్రశ్న: గాజువాక నుంచి. నాన్నగారి పాత వర్డ్‌స్టార్ ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ప్రతి మాట చివర పిచ్చి అక్షరం వస్తోంది. వైరసా?

జవాబు: వైరస్ కాదు, టెన్షన్ పడకండి. పాత వర్డ్‌స్టార్ డాక్యుమెంట్ ఫైల్‌లో మాట చివరి అక్షరానికి 128 కలిపి దాచుకునేది, లైన్లు సరిచేసుకోవడానికి. చిన్న ఇ విలువ 101, అది 229 అయి కూర్చుంటుంది. 127 దాటిన ప్రతి బైట్‌లోంచి 128 తీసేసే నాలుగు లైన్ల పైథాన్ ప్రోగ్రాం చాలు. తర్వాత 32 కంటే తక్కువ ఉన్నవాటిలో 9, 10, 13 (ట్యాబ్, లైను మార్పు గుర్తులు) ఉంచి మిగతావి తీసేయండి, బోల్డ్, అండర్‌లైన్ గుర్తులు అవే. ఫైల్ చివర వరుసగా 26లు కనిపిస్తే అవి ఖాళీ నింపడానికి పెట్టినవి. ఒరిజినల్ ఫ్లాపీ మాత్రం పారేయొద్దు.