టామ్‌క్యాట్ నడుస్తూనే ఉంది, మరి 503 ఎందుకు?

ప్రశ్న: సర్, ముందున్న వెబ్ సర్వర్ అపాచీ బాగానే ఉంది. వెనకాల జావా అప్లికేషన్‌ని నడిపే టామ్‌క్యాట్ కూడా బాగానే ఉంది, 8080 పోర్టులో నేరుగా తెరిస్తే అప్లికేషన్ వస్తోంది. అపాచీ ద్వారా వెళ్తే మాత్రం 503. పాత టామ్‌క్యాట్ తీసేసి కొత్తది పెట్టిన దగ్గర్నుంచే ఈ గోల. టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైల్ సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ మాత్రం పాతదే వాడుతున్నాం. అపాచీ లాగ్ జత చేశాం. ఏం చేయాలి?

జవాబు: ఈ ప్రశ్న పంపింది ఒక్కరు కాదు. మాటలు మారతాయి గానీ గోల ఇదే. దాంతోపాటు బ్రౌజర్‌లో 'సర్వీస్ అన్‌అవైలబుల్' అని కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి జత చేస్తారు. ఆ పేజీలో పనికొచ్చే సమాచారం సున్నా. అది చూసి జబ్బు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. కావాల్సింది అపాచీ ఎర్రర్ లాగ్‌లో సరిగ్గా ఆ సమయానికి పడిన ఒక్క లైను.

ఆ లైనులో బ్రాకెట్లలో ఒక నంబరు ఉంటుంది. లినక్స్ మీదైతే సగం కథ అక్కడే తేలిపోతుంది. 111 అంటే కనెక్షన్ రిఫ్యూజ్డ్: మెషీన్ ఉంది, ఆ అడ్రస్‌లో ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు. 110 అంటే పంపినదానికి ఉలుకూ పలుకూ లేదు. చాలాసార్లు మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు చేయకుండా మింగేస్తోందని అర్థం. 113 అంటే అవతలికి దారి లేదని జవాబు వచ్చింది, ఇక్కడ కూడా ముందు ఫైర్‌వాల్‌నే అనుమానించండి. 70007 అయితే కనెక్షన్ కుదిరింది, జవాబు కోసం చూసి చూసి అపాచీ వదిలేసింది. ఇక 13, పర్మిషన్ డినైడ్. ఇది నెట్‌వర్క్ గొడవే కాదు. అపాచీని బయటికి కనెక్ట్ కానివ్వకుండా లినక్స్‌లోని కాపలా వ్యవస్థ ఎస్‌ఈలినక్స్ ఆపింది. దానికి 'హెచ్‌టీటీపీడీ కెన్ నెట్‌వర్క్ కనెక్ట్' అనే ఒక్క స్విచ్ ఆన్ చేస్తే చాలు. ఎస్‌ఈలినక్స్‌నే మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతికి సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వకండి.

మీరు పంపిన లాగ్‌లో ఉన్నది 111. అంటే అపాచీ తలుపు తట్టే 8009 పోర్టులో ఎవరూ వినడం లేదు. టామ్‌క్యాట్ నడుస్తోంది కదా అంటారేమో. నడుస్తోంది, 8080 కనెక్టర్ (ఒక పోర్టులో వినే భాగం) వరకు. అపాచీతో ఏజేపీ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడాల్సిన కనెక్టర్ అసలు లేవలేదు. టామ్‌క్యాట్ లాగ్‌లో 'సర్వర్ స్టార్టప్' అనే చివరి లైను చూసి సంతోషపడి మూసేసి ఉంటారు. కొంచెం పైకి వెళ్తే, సీక్రెట్ రిక్వైర్డ్ ట్రూ అని ఉంది గానీ సీక్రెట్ (రెండువైపులకే తెలిసిన రహస్య మాట) ఇవ్వలేదు అని ఒక పెద్ద ఎర్రర్ కనిపిస్తుంది. ఒక కనెక్టర్ చచ్చిపోయినా మిగతాదంతా మామూలుగా లేచి, 'నేను రెడీ' అని చెప్పే డిజైన్ ఎవరికి మేలు చేస్తుందో నాకు అర్థం కాదు.

ఈ మార్పు 2020 ఫిబ్రవరిలో 9.0.31, 8.5.51, 7.0.100 వెర్షన్లతో వచ్చింది. అప్పటిదాకా ఏజేపీ కనెక్టర్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేది, మెషీన్‌కున్న అన్ని అడ్రస్‌లలోనూ వినేది, ఎవరు వచ్చినా తలుపు తీసేది. ఆ తర్వాతి వెర్షన్లతో వచ్చే ఫైల్‌లో అది కామెంట్‌లో (అంటే అమలు కాకుండా) ఉంటుంది, లోకల్ అడ్రస్‌లో, అంటే అదే మెషీన్ నుంచి వచ్చేవాటిని మాత్రమే వింటుంది, సీక్రెట్ లేకపోతే మొదలే కాదు.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. కొత్త ఫైల్‌లో కామెంట్ తీసేసి వాడుకునేవాళ్లు అందులో పడతారు. ఆ నమూనాలో అడ్రస్ '::1' అని ఉంటుంది, అంటే ఐపీవీ6 లోకల్ అడ్రస్. టామ్‌క్యాట్ ఎక్కడుందో అపాచీకి చెప్పే మీ వర్కర్ ఫైల్‌లోనో ప్రాక్సీపాస్ లైనులోనో 127.0.0.1 (ఐపీవీ4 లోకల్ అడ్రస్) ఉంటే మళ్లీ అదే 111. 'ఎస్‌ఎస్' కమాండ్‌తో వింటున్న పోర్టుల జాబితా తీసి 8009 ఎదురుగా ఏ అడ్రస్ ఉందో కళ్లారా చూడండి. రెండువైపులా ఒకే అడ్రస్ రాయండి. 'లోకల్‌హోస్ట్' అని పేరు రాసి, అది ఐపీవీ4కి వెళ్తుందో ఐపీవీ6కి వెళ్తుందో అదృష్టానికి వదిలేయకండి.

సీక్రెట్ విషయానికొస్తే, పొడవైన మాట ఒకటి ఎంచుకుని కనెక్టర్‌లో పెట్టండి, అదే అపాచీ వైపు కూడా ఇవ్వండి. అపాచీలో మాడ్ జేకే అనే మాడ్యూల్ వాడితే వర్కర్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. మాడ్ ప్రాక్సీ ఏజేపీ అనే మాడ్యూల్ అయితే అపాచీ 2.4.42 నుంచి ఈ సౌకర్యం ఉంది, అంతకంటే పాతదైతే ముందు అపాచీని మార్చాలి. రెండువైపులా సీక్రెట్ కలవకపోతే 503 రాదు, 403 (అనుమతి లేదు) వస్తుంది. అది చూసి ఫోల్డర్ పర్మిషన్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

అంతా సరిచేసి టామ్‌క్యాట్‌ని రీస్టార్ట్ చేశాక కూడా కాసేపు 503 వస్తే కంగారు పడకండి. ఒకసారి కనెక్షన్ కుదరకపోతే మాడ్ ప్రాక్సీ ఆ వర్కర్‌ని పక్కన పెట్టి, డిఫాల్ట్‌గా 60 సెకన్ల దాకా మళ్లీ ప్రయత్నించదు. ఆ నిమిషంలోనే చాలామంది టెన్షన్ పడి సరైన కాన్ఫిగరేషన్‌ని మళ్లీ చెడగొట్టుకుంటారు.

ప్రశ్న: నాకూ ఇదే సమస్య వచ్చింది. సీక్రెట్ రిక్వైర్డ్ ఫాల్స్ అని, అడ్రస్ 0.0.0.0 (అన్ని అడ్రస్‌లలోనూ విను) అని పెట్టాను. వెంటనే పనిచేసింది. అందరికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

జవాబు: దయచేసి ఇంకెవరికీ చెప్పకండి. మీరు చేసింది రిపేరు కాదు. పైగా ఇది మీ ఒక్కరి తప్పు కూడా కాదు. ఎవరో రాసిన ఈ రెండు లైన్లను ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు దించుకుంటూ పోతున్నారు. ముందు తలుపుకి మూడు తాళాలు వేసి, దొడ్డి తలుపు బార్లా తెరిచినట్టుంది. వెబ్ సర్వర్‌కి సర్టిఫికెట్, ఫైర్‌వాల్ రూల్స్, లాగిన్ పేజీ అన్నీ పెట్టుకుంటారు. అవేవీ 8009 వైపు రావు.

ఆ మార్పు ఊరికే రాలేదు. 2020లో ఘోస్ట్‌క్యాట్ అనే లోపం బయటపడింది, దాని నంబరు సీవీఈ-2020-1938. ఏజేపీ పోర్టుకి చేరగలిగిన ఎవరైనా ప్రత్యేకంగా తయారుచేసిన రిక్వెస్ట్ పంపి వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చదివేసుకోవచ్చు. బ్రౌజర్‌కి ఎప్పటికీ కనిపించకూడని ఫోల్డర్ అది. డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ అకౌంట్ వివరాలు, టోకెన్ సంతకానికి వాడే కీలు మనవాళ్లు దాచేది అక్కడే. అప్లికేషన్‌లో ఫైల్ అప్‌లోడ్ ఉండి, ఆ ఫైల్ అప్లికేషన్ ఫోల్డర్‌లోనే పడుతుంటే ఇంకా ఘోరం. ఫొటో పేరుతో ఎక్కించినదాన్ని జేఎస్‌పీగా, అంటే సర్వర్‌లో నడిచే జావా పేజీగా నడిపించవచ్చు. లాగిన్ అవసరం లేదు.

ప్యాచ్ వేసుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. ఏజేపీ పుట్టుకలోనే ఒక నమ్మకం ఉంది: అవతల మాట్లాడుతున్నది మన వెబ్ సర్వరే అని. రిక్వెస్ట్ ఏ ఐపీ నుంచి వచ్చింది, అది హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చిందా, యూజర్ ఎవరు, ఇవన్నీ వెబ్ సర్వర్ చెబుతుంది, టామ్‌క్యాట్ వింటుంది. సింగిల్ సైన్ ఆన్ (ఒక్క లాగిన్‌తో అన్నీ తెరుచుకునే ఏర్పాటు) పెట్టుకున్న ఆఫీసుల్లో టామ్‌క్యాట్ అథెంటికేషన్ ఫాల్స్ అని పెట్టడం మామూలే, అంటే యూజర్‌ని అపాచీ చూసుకుంటుంది, నువ్వు అడగకు అని. అలాంటి చోట 0.0.0.0 కూడా తోడైతే, 8009కి కనెక్ట్ అయి 'నేను అడ్మిన్‌ని' అని చెప్పుకున్న ప్రతివాడూ అడ్మినే. ఇది లోపం కాదు, ప్రోటోకాల్ చేయాల్సిన పని అదే చేసింది. తప్పు తలుపు తీసి పెట్టినవాళ్లది.

సీక్రెట్ పెట్టినా అది తాళమే గానీ గోడ కాదు. ఏజేపీలో ఎన్‌క్రిప్షన్ లేదు, ఆ సీక్రెట్ కూడా దారిలో మామూలు అక్షరాల్లోనే వెళ్తుంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే లోకల్ అడ్రస్‌కి కట్టేయండి. వేరువేరు మెషీన్లయితే ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క వెబ్ సర్వర్ ఐపీకే అనుమతి ఇవ్వండి. అంతకన్నా మంచి పని, ఏజేపీని వదిలేసి మధ్యలో హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోవడం. కొత్తగా కడుతున్న సిస్టమ్‌లో ఏజేపీ ఎందుకు అని అడిగితే 'పాత డాక్యుమెంట్‌లో అలా ఉంది' అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది మీ సర్వర్ కాదు. పెట్టెలో పెట్టి అమ్మే పరికరాలు, 'ఒక్క క్లిక్‌తో ఇన్‌స్టాల్' అనే ప్యాకేజీలు. వాటి మేనేజ్‌మెంట్ పేజీ వెనకాల పాత టామ్‌క్యాట్ ఉందని కొన్నవాళ్లకు తెలియదు. అప్‌డేట్ వస్తే పైన రంగులు మారతాయి, లోపల అదే పాత వెర్షన్, అదే 8009. దాన్ని మార్చే అధికారం కొన్నవాళ్లకు ఉండదు, మార్చే తీరిక అమ్మినవాళ్లకు ఉండదు. లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉందో జాబితా ఇవ్వని పరికరాన్ని నెట్‌వర్క్‌లో పెట్టనే కూడదని నా అభిప్రాయం. కొనేటప్పుడు పోర్టుల సంఖ్య, ర్యామ్, వారంటీ అడుగుతారు గానీ ఇది అడిగేవాళ్లు కనిపించరు. మీ నెట్‌వర్క్‌లో 8009కి జవాబిస్తున్నవి ఏవో బయటి మెషీన్ నుంచి ఒకసారి స్కాన్ చేసి చూడండి. మీరు ఇన్‌స్టాల్ చేయనివి కూడా పలకవచ్చు.

ప్రశ్న: పొద్దున బాగుంటుంది. రద్దీ పెరిగేసరికి 502, 504 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు, సమయానికి రాలేదు) మొదలవుతాయి. టైమ్‌అవుట్ 60 నుంచి 600కి పెంచాం. ఇప్పుడు రోజూ రాత్రి ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ పెట్టాం.

జవాబు: 600 సెకన్లకు పెంచి మీరు సాధించిందల్లా, అదే ఎర్రర్‌ని యూజర్‌కి ఒక నిమిషానికి బదులు పది నిమిషాలకు చూపించడం. ఈలోపు అతను రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటాడు, ప్రతి నొక్కుడికీ ఇంకో థ్రెడ్ (టామ్‌క్యాట్‌లో ఒక్కో రిక్వెస్ట్‌ని చూసుకునే పనివాడు) ఇరుక్కుంటుంది.

ఎర్రర్లు వస్తున్నప్పుడే, రీస్టార్ట్ చేయకముందు, జేస్టాక్ కమాండ్‌తో కొన్ని సెకన్ల తేడాలో రెండు మూడుసార్లు థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) తీయండి. టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్ మ్యాక్స్ థ్రెడ్స్ 200. ఆ 200 థ్రెడ్లూ ప్రతి డంప్‌లోనూ డేటాబేస్ పూల్ (సిద్ధంగా ఉంచిన కనెక్షన్ల గుంపు) దగ్గర ఒకే చోట నిలబడి కనిపిస్తే, అపాచీకీ టామ్‌క్యాట్‌కీ మధ్య ఏ సమస్యా లేదు.

ముందు చూడాల్సింది డేటాబేస్ రిసోర్స్ లైను. టామ్‌క్యాట్ 7 కాలంనాటి ఫైల్ అయితే అందులో మ్యాక్స్ యాక్టివ్, మ్యాక్స్ వెయిట్ అని ఉంటుంది. టామ్‌క్యాట్ 8 నుంచి డిఫాల్ట్ పూల్ డీబీసీపీ 2. అందులో ఆ పేర్లు మ్యాక్స్ టోటల్, మ్యాక్స్ వెయిట్ మిల్లీస్ అయ్యాయి. పాత పేర్లు రాస్తే లాగ్‌లో ఒక వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది, మీరు రాసిన 100 పోయి డిఫాల్ట్ 8 అమల్లోకి వస్తుంది. ఎంతసేపు ఎదురుచూడాలో దానికీ హద్దు ఉండదు. 200 థ్రెడ్లకు 8 కనెక్షన్లు. పొద్దున సరిపోతాయి, రద్దీలో సరిపోవు. పేర్లు సరిచేశాక కూడా కొద్దికొద్దిగా నిండిపోతుంటే కోడ్‌లో ఎక్కడో కనెక్షన్ తీసుకుని మూయడం లేదు. రాత్రి రీస్టార్ట్ ఆ సంగతిని మీ డెవలపర్ కంట పడకుండా దాస్తోంది.

రద్దీతో సంబంధం లేకుండా అప్పుడప్పుడు ఒకటీ అరా 502 వస్తుంటే, లాగ్‌లో 104 (అవతలివైపు కనెక్షన్ తెంపేసింది) ఉంటే, అది వేరే జబ్బు. టామ్‌క్యాట్‌తో వచ్చే ఫైల్‌లో హెచ్‌టీటీపీ కనెక్టర్ టైమ్‌అవుట్ 20 సెకన్లు. అంతసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని అది మూసేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో అపాచీ ఆ పాత కనెక్షన్ మీదే కొత్త రిక్వెస్ట్ పంపిందనుకోండి, దెబ్బతింటుంది. ప్రాక్సీపాస్‌లో టీటీఎల్ (ఖాళీ కనెక్షన్‌ని ఎన్ని సెకన్లు వాడుకోవచ్చో చెప్పేది) 20 కంటే తక్కువ పెడితే పాత కనెక్షన్‌ని అపాచీ తనంతట తానే వాడటం మానేస్తుంది.

ప్రశ్న: లాగిన్ అవ్వగానే అడ్రస్ బార్‌లో 8080 కనిపించి పేజీ ఆగిపోతోంది.

జవాబు: ప్రాక్సీపాస్ రాసి, టామ్‌క్యాట్ ఇచ్చే దారిమళ్లింపు అడ్రస్‌లను సరిచేసే ప్రాక్సీపాస్ రివర్స్ మర్చిపోయారు. రెండూ రాయండి, చివరి స్లాష్ రెండింటిలోనూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. హెచ్‌టీటీపీఎస్ సైట్ హెచ్‌టీటీపీకి జారిపోతుంటే టామ్‌క్యాట్‌లో రిమోట్ ఐపీ వాల్వ్ (అసలు రిక్వెస్ట్ ఎలా వచ్చిందో టామ్‌క్యాట్‌కి తెలిపే భాగం) కూడా కావాలి. బయటి నుంచి 8080 మీకు తెరుచుకుంటోందంటే అందరికీ తెరుచుకుంటున్నట్టే. దాన్ని కూడా లోకల్ అడ్రస్‌కి కట్టేయండి.