బ్యాడ్జి మీద పేరు వేరు, జీతమిచ్చేవాళ్ల పేరు వేరు

నెల్లూరు జిల్లా కావలి తమ్ముడు ఒకరు రాశారు. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక పెద్ద టెక్ కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నారంట. నెలకి 85 వేలు, టీడీఎస్ (డబ్బులిచ్చేవాళ్లు ముందే కోసే పన్ను) పోను చేతికి 76,500. ఊళ్లో వెంచర్‌లో ప్లాటు తీసుకుని నెలకి 30 వేలు ఈఎంఐ కట్టమని ఇంట్లో అంటున్నారు, కట్టొచ్చా అని అడిగారు.

ఇప్పుడే వద్దు తమ్ముడూ. మీరు పంపిన పేమెంట్ స్లిప్ రెండుసార్లు చూశాను, పైన ఆ పెద్ద కంపెనీ పేరు ఎక్కడా లేదు, మధ్యలో ఉండి మిమ్మల్ని అక్కడ పనికి పెట్టిన వెండర్ కంపెనీ పేరే ఉంది, కింద పీఎఫ్ కటింగ్ అసలు లేదు, టీడీఎస్ మాత్రం తిన్నగా 8,500. అంటే లెక్క ప్రకారం మీరు ఉద్యోగి కాదు, కన్సల్టెంట్. ప్రాజెక్టు ఆగితే వచ్చే నెల డబ్బులు రావు, బ్యాంకు మాత్రం ఈఎంఐకి ఆగదు. నాన్నగారు అల్లూరు దగ్గర రొయ్యల చెరువు లీజుకి చేస్తారని రాశారు కదా, ఆయన్నే అడగండి, ఒక పంట బాగా వచ్చిందని వచ్చే పంట మీద అప్పు తెచ్చి, తీరా రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు తగిలితే మేత డీలర్‌కి ఏం చెప్పాల్సి వస్తుందో ఆయనకి తెలిసినట్టు నాకు కూడా తెలియదు.

ఇంకోటి, టీడీఎస్ డబ్బులు పోయినట్టే అని రాశారు చూడండి, అది చదివి చాలా బాధనిపించింది. పోలేదు! మీ పాన్ మీదే జమయ్యి ఉంది, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పేరు మీద కోసిన పన్నుల చిట్టా) తెరిస్తే కనపడుతుంది. ఏడాదికి 1,02,000. మీకు ఏడాదికి వచ్చేది 10 లక్షల 20 వేలు, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి వేరే ఆదాయం లేకపోతే కట్టాల్సిన పన్ను సున్నా, రిటర్న్ వేస్తే కోసిందంతా వెనక్కి వస్తుంది. మీలాంటివాళ్లకి ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం సరిపోతుంది, వెండర్ దగ్గర ఫారం 16ఏ (టీడీఎస్ కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్) అడిగి తీసుకోండి. రేపు లోన్‌కి వెళ్లినా బ్యాంకు ముందు అడిగేది రెండేళ్ల రిటర్న్‌లే, కాబట్టి గడువు దాటనివ్వద్దు.

ఆ రిఫండ్ వచ్చాక దాన్ని ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఎఫ్‌డీ వెయ్యండి, దానికి నెలనెలా 20 వేలు కలపండి, ఆరు నెలల ఖర్చు జమయ్యేదాకా. మీ ఖర్చు 35 వేలన్నారు, అంటే 2,10,000, రిఫండ్‌తో కలిపి ఆరు నెలల్లో జమైపోతుంది.

హెల్త్ పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోండి, మీకూ అమ్మానాన్నలకీ వేరువేరుగా. కంపెనీ ఉద్యోగులకిచ్చే కవర్ మీకు రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి షుగర్ ఉందన్నారు, దాచకుండా రాయండి, ముందునుంచీ ఉన్న జబ్బులకి క్లెయిమ్ ఇవ్వడానికి మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. పీఎఫ్ లేదు కాబట్టి పోస్టాఫీసులో పీపీఎఫ్ (మనమే సొంతంగా వేసుకునే దీర్ఘకాల పొదుపు ఖాతా) తెరిచి నెలకి 5 వేలైనా వెయ్యండి.

కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడు వెండర్‌ని పీఎఫ్ ఉన్న పేరోల్‌లోకి మార్చమని గట్టిగా అడగండి. చేతికొచ్చేది కాస్త తగ్గినా ఒప్పుకోండి. మారాక, ఆ ఆరు నెలల డబ్బు అట్టానే ఉంటే, ప్లాటు కాగితాలు పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.